ఏం చూశావో చెప్పు

శనివారం. మధ్యాహ్న భోజనాలు అయిపోయాయి. రాయచోటి వైపు ఒక పల్లె, అందులో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి గుమ్మం ముందు చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. మీవీ అక్కడే వదిలి లోపలికి రండి.

గదిలో హడావుడిగా ఉంది. ఇద్దరు మగపిల్లలు కిటికీ ఊచలెక్కి, పాత ఫ్లెక్సీలను రెండు మడతలు వేసి పురికొసతో కడుతున్నారు. ఒక్కో కిటికీ మూసుకుపోతుంటే గదిలో మాటలు వాటంతటవే తగ్గుతున్నాయి. ఆడపిల్లలు బెంచీలు వెనక్కి జరిపి, ముందు నేల మీద పట్టలు పరిచారు. గోడకు ‘నాడు-నేడు’ పనుల్లో వచ్చిన ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెర ఉంది. రోజూ దాని మీద సైన్సు బొమ్మలు, లెక్కల వీడియోలు నడుస్తాయి. ఇవాళ సోషల్ మేడమ్ తన ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో దానికి కలుపుతున్నారు. పక్కనే బల్ల మీద చేతిరాతతో నిండిన నోట్‌బుక్. సినిమాలోని మాటలన్నీ రాత్రిళ్లు కూర్చుని తెలుగులో రాసుకున్నారామె.

ఆ శ్రమ ఎందుకో తెరముందు కూర్చుంటే తెలుస్తుంది. సబ్‌టైటిల్ తెర మీద మహా అయితే ఆరేడు సెకన్లు నిలుస్తుంది, చాలాసార్లు అంతకూడా ఉండదు. ఈ పిల్లలవి ఇంగ్లీషు మీడియం పుస్తకాలే. అయినా అంత వేగంగా పరాయి అక్షరాల వెంటపడితే తెర మీది ముఖం చూసే వీలుండదు. ముఖం చూడని పిల్లలకు సినిమా చూపించి ఏం లాభం? అందుకే ఎంత అవసరమో అంతే, నెమ్మదిగా, తెర పక్కన నిలబడి ఆమె చదువుతారు.

“మేడమ్, ఫైట్లుంటాయా?” వెనక వరసలోంచి ఒక గొంతు.

“హీరో ఎవరు మేడమ్?” ఇంకో గొంతు.

“మీకంటే చిన్నోడు. ఎనిమిదేళ్లోడు,” అంటారామె. గది నిండా నిట్టూర్పు. మీకూ కాస్త బెంగగానే ఉంటుంది. మొన్న సంక్రాంతికి విడుదలైన సినిమా పాటలకు స్టెప్పులు కంఠతా వచ్చిన పిల్లలు వీళ్లు. ఇరాన్ పల్లెటూరి కథ ముందు ఎంతసేపు కూర్చుంటారు?

మేడమ్ ఉపన్యాసం ఇవ్వలేదు. గోడమీది ప్రపంచ పటం దగ్గరికి వెళ్లి, “కువైట్ ఎక్కడుందో చూపించండి,” అన్నారు. అరడజను వేళ్లు ఒకేసారి పటం మీద పడ్డాయి. ఈ ప్రాంతంలో కువైట్‌ను పటంలో వెతుక్కోవాల్సిన పనిలేదు. ఎవరి నాన్నో అక్కడ డ్రైవరు, ఎవరి అమ్మో అక్కడ ఇంటిపని చేస్తోంది, ఎవరి చిన్నాయనో గొర్రెలు కాస్తున్నాడు. మేడమ్ తన వేలు అక్కడి నుంచి నీళ్లు దాటించి అవతలి ఒడ్డున పెట్టారు. “ఇది ఇరాన్.” వేలు ఇంకా పైకి, కాస్పియన్ సముద్రం దాకా జరిగింది. “ఇక్కడ కొండల్లో కోకెర్ అని ఒక పల్లె. మనం పోయేది ఆడికి. దారిలో టెహ్రాన్‌లో ఒక సందు చూసిపోదాం.”

లైట్లు ఆర్పేశారు.

*

నలుపు తెలుపుల్లో ఒక ఇరుకు సందు. ఒక పిల్లాడు చేతిలో రొట్టె పట్టుకుని, కాలితో ఏదో తన్నుకుంటూ ఇంటికి వెళ్తున్నాడు. సందు మలుపు దగ్గర కుక్క. మొరిగింది. పిల్లాడు వెనక్కి పరుగెత్తి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఇది 1970లో తీసిన ‘బ్రెడ్ అండ్ ఆలీ’. అబ్బాస్ కియారొస్తమీ మొదటి సినిమా. పది నిమిషాలు దాటితే కాస్త దాటుతుందేమో. మాటలు లేవు కాబట్టి మేడమ్ నోట్‌బుక్ తెరవనే లేదు. విదేశీ సినిమా అలవాటు లేని పిల్లలకు ఇలాంటి దానితో మొదలుపెట్టడంలో తెలివి ఉంది. భాష అడ్డుగోడ అవుతుందేమోనన్న భయం వాళ్లకు పుట్టకముందే కథ లోపలికి లాక్కుంటుంది.

“రాయి తీసుకోరా!” అని ఒకడు అరిచాడు. ఊరి కుక్కల సంగతి తెలిసినవాడు. “కూకో, కూకుంటే పోతాది,” అని ఇంకొకడి సలహా. తెర మీది పిల్లాడు ఎవరైనా పెద్దవాళ్లు వస్తారేమోనని చూస్తున్నాడు. చెవిలో వినికిడి మిషన్ పెట్టుకున్న ఒక ముసలాయన వచ్చాడు. పిల్లాడు ఆయన వెనకే నక్కి నడిచాడు. ముసలాయన మధ్యలోనే ఇంకో సందులోకి తిరిగిపోయాడు. గదిలో అందరూ “అయ్యో” అన్నారు. మీరూ అన్నారు.

చివరికి పిల్లాడు రొట్టె ముక్క తుంచి కుక్కకు విసిరాడు. కుక్క తిన్నది. తోక ఊపుకుంటూ వాడి ఇంటిదాకా వెంట వచ్చింది. తలుపు మూసుకున్నాక గుమ్మం ముందే పడుకుంది. అంతలో అదే సందులోకి గిన్నె పట్టుకుని మరో పిల్లాడు వచ్చాడు. కుక్క మొరిగింది. సినిమా అయిపోయింది.

లైట్లు వేశారు. మేడమ్ అడిగింది ఒకటే: “ఏం చూశారు?”

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యి ఎత్తి లేచి నిలబడింది. “ఈ సినిమాలోని నీతి ఏమంటే, మనం జంతువులను ప్రేమించవలెను, అప్పుడు అవి మనలను ప్రేమించును.” ఒక్క అక్షరం తడబడలేదు. ఒకటో తరగతి నుంచీ ప్రతి కథ చివరా రాసిన జవాబే.

“బాగా చెప్పినావు. కానీ నేను నీతి అడగలే. నీ కంటికి ఏం కనపడిందో చెప్పు.”

అమ్మాయి తికమకపడింది. పక్కనున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పరీక్షలో రాని ప్రశ్న ఇది. కొంచెంసేపటికి ఎవరో అన్నారు: “ముసలాయన చెవిలో మిషన్ ఉండాది మేడమ్.” మరొకరు అందుకున్నారు: “అంటే కుక్క అరిచేది ఆయనకు ఇనపడిందో లేదో. అందుకే భయం లేకుండా నడిచినాడేమో.” “వాడు రొట్టె మంచితనంతో ఇయ్యలే మేడమ్, భయపడి ఇచ్చినాడు.” అప్పుడు కిటికీకి ఫ్లెక్సీ కట్టిన పిల్లాడు లేచాడు. “రొట్టె తిన్న కుక్క ఇంకో పిల్లోన్ని చూసి మళ్లా అరిచింది. అంటే కుక్క మారలే. వాడు ఒక్కడు తప్పించుకున్నాడు, అంతే.”

గది నిశ్శబ్దమైంది. నీతి చెప్పిన అమ్మాయి తన జవాబును మనసులో మళ్లీ చదువుకుంటున్నట్టు తల వంచుకుంది, వెంటనే తలెత్తి, “అవును మేడమ్, ఆ రెండో పిల్లోని దగ్గర రొట్టె కూడా లేదు,” అంది. ఆ రెండో వాక్యం ఆమెదే. పుస్తకం నుంచి వచ్చింది కాదు. మీరు ఈ గదికి వచ్చింది ఇది వినడానికే.

*

రెండో సినిమా పెట్టే ముందు మేడమ్ నాలుగు ముక్కల్లో ఒక సంగతి చెప్పారు. 1965లో టెహ్రాన్‌లో ‘కానూన్’ అనే సంస్థ పుట్టింది. పిల్లల కోసం గ్రంథాలయాలు నడపడం, పుస్తకాలు వేయడం దాని పని. కొన్నేళ్లకు అందులోనే సినిమా విభాగం మొదలైంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో కియారొస్తమీ ఒకడు. ఇరాన్ సినిమాకు ప్రపంచమంతా పేరు తెచ్చిన దర్శకుల్లో కొందరు అలా పిల్లల సంస్థలో పని నేర్చుకున్నారు. పిల్లల కోసం తీయడమంటే స్థాయి తగ్గించి తీయడం అని వాళ్లు అనుకోలేదు. పిల్లవాడికి నోట్‌బుక్ పోవడం ఎంత పెద్ద ఆపదో అంత పెద్దగానే చూపించారు.

1987 నాటి ‘వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్?’ కూడా కానూన్‌లో తీసిందే. తెర మీద ఒక తరగతి గది తలుపు. లోపలి నుంచి పిల్లల గోల. మాస్టారు వచ్చాడు, గోల ఆగిపోయింది. ఈ గదిలోనూ ఆగిపోయింది.

మాస్టారు హోంవర్కులు చూస్తున్నాడు. నేమత్‌జాదే అనే పిల్లాడు నోట్‌బుక్‌లో కాకుండా విడి కాగితం మీద రాసుకొచ్చాడు. ఎన్నిసార్లు చెప్పానని మాస్టారు నిలదీశాడు. ఆ కాగితాన్ని పిల్లాడి ముందే చింపేశాడు. మళ్లీ ఇలా చేస్తే బడి నుంచి తీసేస్తానన్నాడు. పిల్లాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. పక్కన కూర్చున్న అహ్మద్ వాడి వైపు చూస్తున్నాడు.

మీ పక్కనున్న పిల్లల్ని చూడండి. ఫైట్ల గురించి అడిగినవాడు మోకాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. ఒక అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది. కాగితం చినిగిన చప్పుడు ఏ భాషలోనైనా ఒకటే.

ఇంటికొచ్చాక సంచి తెరిచిన అహ్మద్‌కు రెండు నోట్‌బుక్కులు కనపడ్డాయి. ఒకేలాంటి అట్టలు. ఒకటి తనది, ఒకటి స్నేహితుడిది. పొరపాటున తెచ్చేసుకున్నాడు. రేపు వాడు నోట్‌బుక్ లేకుండా బడికి పోతే అంతే సంగతులు. అహ్మద్ అమ్మకు చెప్పాడు. ఆమె బట్టలు ఆరేస్తోంది. హోంవర్క్ చేసుకో అంది. మళ్లీ చెప్పాడు. పాపాయి ఏడుస్తోంది, చూడు అంది. మళ్లీ చెప్పాడు. హోంవర్క్ చేసుకో, తర్వాత ఆడుకుందువు అంది. మళ్లీ చెప్పాడు. రొట్టె తీసుకురా అంది.

మేడమ్ మొదటి రెండు మూడుసార్లు చదివారు. తర్వాత నోట్‌బుక్ మూసేశారు. ఎవరూ అడగలేదు. ఆ తల్లి ఏమంటోందో, ఆ బిడ్డ ఏం మొత్తుకుంటున్నాడో వాళ్లకు తెలిసిపోయింది. తెలియని భాషలో మాట్లాడుతున్న మనిషిని గొంతు పట్టి, చూపు పట్టి అర్థం చేసుకుంటున్నారు. ఇంటర్ తర్వాత బెంగళూరుకో, చెన్నైకో, గల్ఫ్‌కో పోబోయే పిల్లలకు ఇంతకంటే అక్కరకొచ్చే చదువేముంది?

అహ్మద్ నోట్‌బుక్ చంకన పెట్టుకుని పరుగు అందుకున్నాడు. స్నేహితుడి ఊరు పోష్తే. ఇల్లెక్కడో తెలియదు. కొండ మీదికి వంకర టింకరగా ఒక బాట, కొండ కొన మీద ఒంటరి చెట్టు, బాట మీద చీమంత పిల్లాడు.

“గువ్వలచెరువు ఘాటు మాదిరుండాది!” అన్నాడొకడు. అందరూ నవ్వారు. కడప నుంచి రాయచోటికి వచ్చే దారిలో ఆ మలుపులన్నీ బస్సు కిటికీలోంచి చూసినవాళ్లే. ఆ వంకర బాటను కియారొస్తమీ ఈ సినిమా కోసమే కొండ మీద వేయించాడని మేడమ్ తర్వాత చెబుతారు. ఇప్పుడు చెప్పరు. పిల్లాడు కొండెక్కుతుంటే మధ్యలో ఆపి దర్శకుడి గొప్పతనం చెప్పడం తగని పని.

సరిగ్గా అప్పుడే ఆరో పీరియడ్ గంట కొట్టారు. సినిమా 83 నిమిషాలు, పీరియడ్ అందులో సగం. గుమ్మంలో పీఈటీ సారు. ఈ పీరియడ్ ఆయనది. మేడమ్ చేయి ఎత్తి బతిమాలేలోపే వెనక నుంచి, “సార్, వాని నోట్‌బుక్ ఇంకా ఇయ్యలే సార్,” అని ఒక పిల్లాడు అరిచాడు. కబడ్డీ టీంలో ఆడేవాడు వాడు. సారు తలుపు దగ్గరికి వేసి తనూ వెనక బెంచీ మీద కూర్చున్నారు.

*

పోష్తేలో అహ్మద్ అడిగిన ప్రతివాళ్లకూ ఏదో ఒక తొందర. ఒక చోట తాడు మీద ఆరేసిన ప్యాంటు నేమత్‌జాదేదిలా కనిపించింది. ఆశపడ్డాడు. ఆ ఇల్లు కాదు. వెనక్కి కోకెర్ వచ్చాడు. అరుగు మీద తాత. జేబులో సిగరెట్లు ఉండగానే, ఇంటికెళ్లి సిగరెట్లు తెమ్మన్నాడు. పెద్దల మాట వినడం నేర్పాలట. తన చిన్నప్పుడు వాళ్ల నాన్న వారానికొకసారి చిల్లర ఇచ్చేవాడట, పదిహేను రోజులకొకసారి కొట్టేవాడట. చిల్లర ఇవ్వడం ఒక్కోసారి మరిచిపోయేవాడు, కొట్టడం మాత్రం ఎప్పుడూ మరిచిపోలేదట.

ఇది విని నవ్వుతారేమోనని మీరు అనుకుంటారు. కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. ఎవరెవరు నవ్వలేదో మేడమ్ చీకట్లోనే చూసుకున్నారు. మంచి సినిమా టీచరుకు కూడా తన పిల్లల గురించి కొంత చెబుతుంది.

ఇనుప తలుపులు అమ్మే మనిషి ఒకడు అహ్మద్ చేతిలోని నోట్‌బుక్ లాక్కుని అందులోంచి కాగితం చించుకున్నాడు. “చింపొద్దు!” అని గదిలో నలుగురైదుగురు ఒకేసారి అరిచారు. అతని పేరూ నేమత్‌జాదే అని తెలిసి అహ్మద్ అతని గాడిద వెంట మళ్లీ పోష్తే దాకా పరుగెత్తాడు. మళ్లీ ఆ కొండ. ఈసారి ఎవరూ ఘాటు గురించి మాట్లాడలేదు.

చీకటి పడింది. చెక్క తలుపులూ కిటికీలూ చేసే ఒక ముసలి వడ్రంగి దారి చూపిస్తానని వెంట వచ్చాడు. ఊళ్లో తలుపులన్నీ తాను చేసినవేనని, ఇప్పుడందరూ ఇనుప తలుపులు పెట్టించుకుంటున్నారని చెప్పుకుంటూ మెల్లగా నడుస్తున్నాడు. ఆయన చేసిన కిటికీల్లోంచి దీపాల వెలుగు గోడల మీద ముగ్గులేసినట్టు పడుతోంది. దారిలో ఒక చిన్న పువ్వు ఇచ్చి నోట్‌బుక్‌లో పెట్టుకోమన్నాడు. పిల్లాడికి తొందర, ఆయనకు ఆయాసం.

ఈ నడక సాగుతున్నకొద్దీ కొందరు పిల్లలు కదలడం మొదలుపెట్టారు. ఒకరు ఆవలించారు. మేడమ్ ఫార్వర్డ్ చేయలేదు.

ఆ ఇల్లు కూడా స్నేహితుడిది కాదు. అహ్మద్ నోట్‌బుక్ ఇవ్వలేకే ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా, రాత్రి హోంవర్క్ ముందు కూర్చున్నాడు. గాలికి తలుపు భళ్లున తెరుచుకుంది. తెల్లారి బడి. మాస్టారు ఒక్కొక్కరి నోట్‌బుక్ చూసుకుంటూ వస్తున్నాడు. నేమత్‌జాదే డెస్కు మీద ఏమీ లేదు. అహ్మద్ ఇంకా రాలేదు. మీ ముందు వరసలో అమ్మాయి పక్క అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తలుపు తట్టిన చప్పుడు. అహ్మద్ వచ్చి కూర్చుని నోట్‌బుక్ జరిపాడు. స్నేహితుడి హోంవర్క్ కూడా రాత్రి తనే రాసేశాడు. మాస్టారు పేజీ తిప్పాడు. పేజీల మధ్య ముసలాయన ఇచ్చిన పువ్వు. బాగుంది అని సంతకం పెట్టాడు.

గదిలో చప్పట్లు, ఈలలు. పాట లేదు, ఫైటు లేదు. అయినా కొత్త సినిమా మొదటి ఆటకు హాల్లో వేసినట్టే ఈల వేశారు.

*

“ఏం చూశారు?”

ఈసారి ఎవరూ నీతి చెప్పలేదు. “తలుపులు చానా ఉండాయి మేడమ్. సినిమా మొదలైంది తలుపుతోనే.” “వాడు అడిగినదానికి ఒక్కరూ జవాబు చెప్పలే. వాడు ఒకటి అడిగితే వాళ్లు ఇంకో పని చెప్పినారు.” “ఆ ముసలాయన ఒక్కడే వాని వెంట నడిచినాడు. కానీ ఆయనకూ ఇల్లు తెలీదు.”

“అమ్మ మంచిది కాదు,” అన్నాడొకడు.

“కాదు, మంచిదే,” అని ఒక అమ్మాయి గట్టిగా అంది. అప్పటిదాకా నోరు విప్పని పిల్ల. వాళ్లమ్మ కువైట్‌లో ఉంది, తను జేజి దగ్గర పెరుగుతోంది. “ఆయమ్మకు పని ఎక్కువుంది. వాన్ని చూసుకోవల్ల, చంటిదాన్ని చూసుకోవల్ల, బట్టలుతకల్ల. ఇనే టైము యాడుంది?” ఎవరూ ఎదురు చెప్పలేదు. మేడమ్ కూడా ఏమీ కలపలేదు.

ఆవలించిన పిల్లాడు ధైర్యం చేశాడు. “నాకు బోరు కొట్టింది మేడమ్.”

“ఎక్కడ?”

“ముసలాయనతో నడిచేటప్పుడు. ఎంతసేపు నడిపిస్తాడు?”

“అప్పుడు అహ్మద్‌కు ఎట్లుండింది?”

పిల్లాడు ఆలోచించాడు. “వానికీ అట్లే ఉండింది. తొందరగుండాది కదా... ముసలాయన్ని ఇడిచిపెట్టి పోలేడు.” ఒక్క క్షణం ఆగి, “ఓ, అందుకే అంతసేపు పెట్టినాడా!” అన్నాడు. ఏ పుస్తకం సాయమూ లేకుండా సినిమాలో కాలం ఎలా పనిచేస్తుందో కనిపెట్టేశాడు. దానికి వాడి బోరే దారి చూపించింది. “బోరు కొట్టిందనకూడదు, గొప్ప సినిమా అది” అని మేడమ్ కసురుకుని ఉంటే ఆ దారి అక్కడే మూసుకుపోయేది.

తర్వాత పెద్ద వాదన లేచింది. స్నేహితుడి హోంవర్క్ తను రాసివ్వడం మోసమా, సాయమా? తరగతి రెండుగా చీలింది. మాస్టారిని మోసం చేసినట్టే కదా అని ఒకరు. కాగితం చింపిన మాస్టారికి నిజం చెప్పి ఏం లాభం అని ఇంకొకరు. తీర్పు కోసం అందరూ మేడమ్ వైపు తిరిగారు. ఆమె తీర్పు చెప్పలేదు. బదులుగా రెండు నిజాలు చెప్పారు. అహ్మద్, నేమత్‌జాదే పాత్రలు వేసినవాళ్లు నిజంగా ఆ ప్రాంతం అన్నదమ్ములు. 1990లో ఆ కొండల్లో భయంకరమైన భూకంపం వచ్చి వేల మంది చనిపోయారు. ఆ పిల్లలు ఏమయ్యారోనని కియారొస్తమీ తన కొడుకును వెంటబెట్టుకుని కారులో వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ ప్రయాణమే 1992లో మరో సినిమా అయింది.

“ఉండారా మేడమ్ వాళ్లు?” గదంతా ఒకే ప్రశ్న.

“ఉండారు. ఇద్దరూ బతికినారు.”

ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు వినపడుతుంది మీకు. రెండు గంటల కిందట కోకెర్ పేరు వీళ్లెవరికీ తెలియదు.

*

బడి వదిలాక స్టాఫ్‌రూమ్‌లో లెక్కల సారు అడుగుతారు: “సిలబస్ అయిపోయిందా మేడమ్?” ఆయన అడగడంలో తప్పులేదు. పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి, వచ్చే ఏడు పదో తరగతి. ఈ బడుల్లో ప్రతి నిమిషానికీ లెక్క చెప్పాలి. మేడమ్ జవాబు కూడా సూటిగానే ఉంది: పదిలోకి వెళ్తే వీళ్లకు స్లిప్ టెస్టులు తప్ప ఇంకేమీ ఉండవు, ఏదైనా చూపించాలంటే ఇదే ఆఖరి ఏడాది.

పీఈటీ సారు ఇంకో సందేహం అడిగారు. ఇట్ల సినిమాలేస్తే కేసులేమైనా అవుతాయా? అవ్వవు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే పరిమితమై ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కిందికి రాదు. టికెట్ పెట్టి ఊరందరికీ వేస్తే వేరే సంగతి.

ఆమె పద్ధతి చాలా మామూలుది, ఎవరైనా చేయగలిగింది. ముందు తను ఒంటరిగా పూర్తిగా చూస్తారు. పిల్లల ముందు ఆపాల్సిన దృశ్యం ఉంటే ఆ సినిమానే మానుకుంటారు కానీ, మధ్యలో దూకించరు. మాటలు లేనివి, తక్కువున్నవి, పొట్టివి మొదట వేస్తారు. 34 నిమిషాల ఫ్రెంచ్ సినిమా ‘ది రెడ్ బెలూన్’ అలాంటిదే. 1956లో వచ్చింది. పారిస్ వీధుల్లో ఒక పిల్లాడి వెంట ఎర్ర బుడగ తిరగడమే కథ. తర్వాత పెద్దవి. అవయ్యాక ‘సారాంశం రాయుము’ అన్న కాగితం పంచరు. అది పంచిన రోజు ఈ శనివారం కూడా పాఠమైపోతుందని ఆమెకు తెలుసు.

వచ్చే శనివారం ‘వజ్దా’. 2012లో హైఫా అల్ మన్సూర్ తీసిన సినిమా. మొత్తం సౌదీ అరేబియాలోనే తీసిన మొదటి కథాచిత్రం. అప్పటికి ఆ దేశంలో సినిమా హాళ్లే లేవు, 2018లో గానీ తెరుచుకోలేదు. ఆడమనిషి నడివీధిలో మగవాళ్ల మధ్య నిలబడి సినిమా తీయడం కుదరని చోట్ల దర్శకురాలు వ్యానులో కూర్చుని వాకీటాకీలో సూచనలిచ్చింది. కథలో రియాద్‌లో ఉండే పదేళ్ల వజ్దాకు ఎనిమిది వందల రియాళ్ల ఆకుపచ్చ సైకిల్ కావాలి. ఆడపిల్లకు సైకిలేమిటని అందరూ వద్దంటారు. ఆ డబ్బు కోసం ఖురాన్ పఠన పోటీలో చేరుతుంది.

ఈ గదిలో కూర్చున్న ఆడపిల్లల్లో కొందరి ఇళ్లలో అక్కల సైకిళ్లు ఉన్నాయి. అప్పట్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వం ఇచ్చినవి. వజ్దా కోరికను వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. జేజి దగ్గర పెరిగే అమ్మాయికి ఇంకో సంగతీ కనపడుతుంది. గల్ఫ్ ఇంటి లోపల వంటగది ఎలా ఉంటుంది, అక్కడి తల్లీకూతుళ్లు ఏ విషయం మీద పోట్లాడుకుంటారు, వాళ్లకూ ఏ దిగులు ఉంటుంది అనేది. ఫోన్‌లో అమ్మ చెప్పే సేట్ ఇంటి మాటలు ఆ అమ్మాయికి ఇన్నాళ్లూ మాటలుగానే తెలుసు. రేపు ఆ మాటలకు గోడలు, కిటికీలు, మనుషుల ముఖాలు వస్తాయి.

*

విదేశీ సినిమాలు చూపిస్తే పిల్లలు మన ఊరిని మరిచిపోతారేమోనని కొందరు పెద్దల భయం. జరిగిన చరిత్ర వేరేగా ఉంది. 1950లో లండన్‌లో ఉద్యోగపు పని మీద ఉన్న సత్యజిత్ రాయ్ ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ చూశాడు. రోమ్ వీధుల్లో దొంగిలించిన సైకిల్ కోసం తిరిగే తండ్రీకొడుకుల కథ. తండ్రిగా నటించినవాడు ఫ్యాక్టరీ కార్మికుడు. అది చూసిన రాయ్ బెంగాల్‌కు తిరిగొచ్చి, ఎక్కువమంది కొత్తవాళ్లతో ‘పథేర్ పాంచాలి’ తీశాడు. అది 1955లో వచ్చింది. రోమ్ వీధి ఆయనకు బెంగాల్ పల్లె బాటను చూపించింది. ఈ తొమ్మిదో తరగతిలోంచి రాయ్ పుట్టకపోవచ్చు. కానీ కోకెర్ తలుపులు గమనించిన పిల్లకు తన ఊరి తలుపులూ కనపడతాయి. అహ్మద్ మాట ఎవరూ వినలేదని కోపం తెచ్చుకున్న పిల్లాడు, ఇంట్లో తమ్ముడు ఏదో చెప్పబోతే ఒక్క నిమిషం ఆగే అవకాశం ఉంది. ఇది జరిగి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అవకాశం ఇవ్వడం మాత్రం మన చేతుల్లో ఉంది.

ఒకప్పుడు ఆ అవకాశం హైదరాబాద్‌కు నడిచి వచ్చేది. నవంబరు 14 బాలల దినోత్సవాన మొదలై, రెండేళ్లకోసారి అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం జరిగేది. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి ఎక్కడెక్కడి దేశాల సినిమాలో చూసేవారు. ఆ బస్సులు ఎక్కింది ఎక్కువగా నగరం, దాని చుట్టుపక్కల బడుల పిల్లలే. ఇప్పుడు మారుమూల పల్లె బడి గోడకు కూడా తెర ఉంది. కావాల్సింది శనివారం రెండు మూడు పీరియడ్లు, ముందు రాత్రి తెలుగులో రాసుకున్న నోట్‌బుక్, పక్క పీరియడ్ వదులుకునే తోటి టీచరు.

ఆ తర్వాత పిల్లల్ని ఏం చూశావని అడగండి. జవాబు కోసం ఆగండి. ఆ ప్రశ్నకు జవాబు గైడులో దొరకదు, పక్కవాడి పేపరు చూసి రాయడానికీ ఉండదు. ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ తన కళ్లతో చూసి తన మాటల్లోనే చెప్పుకోవాలి. పదేళ్ల చదువులో అలాంటి ప్రశ్న ఒక్కసారైనా ఎదురవడం మన పిల్లలందరికీ దక్కాల్సిన హక్కు.